మజ్జిగా, మరుపూ

చిత్తూరుకు సుమారు 12 కిలోమీటర్ల దూరంలో, బాహుదా నది ఒడ్డున కాణిపాకం వున్నది. బావిలో స్వయంభువుగా వెలసిన వరసిద్ధి వినాయకుడు అక్కడి దైవం. ఆయన ఎదుట అబద్ధమాడరాదని రాయలసీమలో గట్టి నమ్మకం. అప్పు దగ్గర పేచీ వచ్చినా, సొత్తు దగ్గర అనుమానం వచ్చినా, "కాణిపాకంలో ప్రమాణం చేస్తావా?" అని అడగడం ఆ ప్రాంతపు వాడుక.

ఇటీవల మేము ఆ వూరు వెళ్ళినప్పుడు, గుడి వెలుపల నీడపట్టున కూర్చున్న వృద్ధ దంపతులతో మాటలు కలిశాయి. ఆయన ఒకప్పుడు బెల్లం వండడంలో పేరు మోసినవాడు. ఇప్పుడు పొద్దున తిన్నదేమిటో మధ్యాహ్నానికి గుర్తుండదు. రెండు పర్యాయాలు ఇంటిదారి తప్పాడు. ఆమె మమ్మల్ని ఇలా అడిగింది: "ఏం నాయనా, కడుపులో మంచి పురుగులు పెరిగితే మెదడు బాగవుతాదంట. మనవడు మాత్రలు తెచ్చినాడు. నేనూ పూటపూటకీ మజ్జిగ పోస్తానే వుండాను. ఇది నిజమేనా?"

ప్రమాణాల దేవుని వాకిట అడిగిన ప్రశ్న అది. ఆలోచించకుండా ఔననడానికి గాని, కాదనడానికి గాని మాకు నోరు రాలేదు.

ఆమె "మంచి పురుగులు" అన్న వాటిని శాస్త్రజ్ఞులు ప్రోబయాటిక్స్ అంటారు. ఈ ఆలోచన కొత్తది కాదు. ప్యారిస్‌లోని పాశ్చర్ సంస్థలో పనిచేసిన మెచ్నికాఫ్, పులిసిన పాలలోని సూక్ష్మజీవులు ముసలితనాన్ని వెనుకకు నెట్టగలవని 1907 నాటి తన గ్రంథంలో వాదించాడు. 1908లో ఆయనకు నోబెల్ బహుమానం వచ్చింది. అయితే అది రోగనిరోధక శక్తిపై చేసిన కృషికి గాని, పెరుగును గూర్చిన ఈ వాదానికి కాదు.

పేగుకూ మెదడుకూ సంబంధం వున్న మాట నిజమే. వేగస్ అనే నాడి ఆ రెంటినీ కలుపుతున్నది. మనం తిన్న పీచు పదార్థాన్ని పెద్దపేగులోని సూక్ష్మజీవులు పులియబెట్టి కొన్ని ఆమ్లాలను తయారుచేస్తాయి. అవి పేగు గోడకు పోషణనిచ్చి, వాపును అదుపులో వుంచడానికి తోడ్పడతాయి. దారి వున్నది. ఆ దారిన మరుపుకు మందు చేరుతుందా అన్నదే ప్రశ్న.

తెలుగులో ప్రమాణమంటే ఒట్టు మాత్రమే కాదు. రుజువు కూడా, కొలత కూడా. ఈ విషయంలో ఆ రెండర్థాలూ మనకు అవసరమే.

ముందు రుజువును చూద్దాం. 2016లో ఇరాన్ దేశంలో 60 మంది ఆల్జీమర్స్ రోగులపై ఒక పరీక్ష జరిగింది. సగం మందికి రోజుకు 200 మిల్లీలీటర్ల ప్రోబయాటిక్ పాలు, తక్కినవారికి మామూలు పాలు 12 వారాలు ఇచ్చారు. మొదటి వర్గం వారికి జ్ఞాపకశక్తి పరీక్షలో మార్కులు పెరిగాయి. ఆ దేశంలోనే 2018లో 48 మందిపై, ఈసారి గొట్టం మాత్రలతో, మరొక పరీక్ష చేశారు. వారిలో ఎక్కువమంది వ్యాధి ముదిరినవారు. వారికి ప్రయోజనం కనబడలేదు. 2024లో లండన్ పరిశోధకులు 60 ఏళ్ళు దాటిన 36 జంటల కవలలను తీసుకొని, ప్రతి జంటలోనూ ఒకరికి సూక్ష్మజీవులకు ఆహారమైన పీచు పొడిని 12 వారాలు ఇచ్చారు. పొడి తీసుకొన్నవారు జ్ఞాపకశక్తి పరీక్షలో కొంత మెరుగయ్యారు; కండబలంలో మాత్రం తేడా రాలేదు. ఇవన్నీ కొద్దిమందిపై, కొద్ది వారాలు జరిగిన పరీక్షలు. ఆశకు ఇవి చాలును. ఒట్టు వేయడానికి చాలవు.

ఇక కొలత. తగినంత పరిమాణంలో ఇచ్చినప్పుడు ఆరోగ్యానికి మేలు చేసే సజీవ సూక్ష్మజీవులే ప్రోబయాటిక్స్ అని 2001లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఆహార వ్యవసాయ సంస్థల నిపుణులు నిర్వచించారు. ఏ జాతి, ఎంత సంఖ్య, ఏ మేలు అన్నది తేలవలెను. మన ఇంటి పెరుగులో సజీవ సూక్ష్మజీవులు వున్నవి. కాని వాటి లెక్క ఎవరూ కట్టలేదు. ఇడ్లీ పిండిలో పుట్టినవి ఆవిరికి చనిపోతాయి. చిత్తూరు సీమ రాగి అంబలిని కాచి, చల్లార్చిన తరువాత మజ్జిగ కలుపుతారు. అందుచేత మజ్జిగలోనివి బ్రతికే వుంటాయి. రాగులలోని పీచు వాటికి తోడవుతుంది. అది మంచి ఆహారమే. మంచి ఆహారాన్ని మందు అనుకోవడంలోనే చిక్కు వున్నది.

ఎందుకంటే, మజ్జిగ పోస్తున్నామన్న ధీమాతో వైద్యుని దగ్గరకు వెళ్ళకపోతే కాలం జారిపోతుంది. కొన్ని మరుపులకు చికిత్స వున్నది. బి12 విటమిన్ లోపం, థైరాయిడ్ మాంద్యం, మానసిక క్రుంగుబాటు, కొన్ని మందుల ప్రభావం ఇటువంటివి. మాంసాహారం ముట్టనివారిలోను, మధుమేహానికి చిరకాలం మెట్‌ఫార్మిన్ వాడేవారిలోను బి12 తగ్గడం తరచు చూస్తాము. రక్తపరీక్షతో అది తెలుస్తుంది. రక్తపోటు, మధుమేహం, వినికిడి తగ్గడం, చూపు మందగించడం, ఒంటరితనం కూడా మతిమరుపు వ్యాధికి దారితీసే కారణాలలోనివని 2024లో లాన్సెట్ నిపుణుల సంఘం పేర్కొన్నది. వీటిని చక్కదిద్దే ప్రయత్నం చేయవచ్చును.

ఈ మాటలే మాకు వీలైనంత తేలికగా ఆ అవ్వకు చెప్పాము. మజ్జిగ మానవద్దన్నాము. మాత్రల డబ్బుతో ముందు రక్తపరీక్ష చేయించమన్నాము. తాతకు చెవి సరిగా వినబడుతున్నదా అని అడిగాము. "రెండేండ్లుగా గట్టిగా అరిస్తే గాని వినపడదు నాయనా" అన్నది.

సెలవు తీసుకొనే ముందు మేము ఆయన చెవి దగ్గరగా వంగి, పాకం దిగిందని ఎట్లా తెలుస్తుందని అడిగాము. ఆయన కళ్ళలోకి వెలుగు వచ్చింది. "నీళ్ళలో వేస్తే ఉండ కావాల" అని, లేని పాకాన్ని వేళ్ళతో నలిపి చూపించాడు. ఇంట్లో పెద్దలు వున్నవారు మజ్జిగతోపాటు ఈ పలకరింపు కూడా మరవకూడదని మా మనవి.