పడుకునే ముందు పది నిమిషాల లెక్క



మనం లెక్కలు అడగడంలో ఆరితేరినవాళ్లం. 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెడతాం, 30 రోజుల గడువును వేళ్ల మీద లెక్కిస్తాం, జవాబు రాకపోతే అప్పీలుకు వెళతాం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2006లో ఉపాధి హామీ పనులపై సామాజిక తనిఖీలు మొదలైనప్పుడు, ఊరి జనం ముందు ఆ లెక్కలు చదివి వినిపించిన సంగతి మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది. అధికారి చేత లెక్క చెప్పించడం మనకు తెలిసిన విద్యే. మన లెక్క మనమే చూసుకునే విద్యను గురించి ఈ పూట మాట్లాడదలచాను.

మన సంప్రదాయంలో దానికి ముహాసబా అని పేరు. పాలవాడి ఖాతా దగ్గర మన ఇళ్లలో వినబడే ‘హిసాబ్’ అనే మాటకు అది దగ్గరి చుట్టం. బస్రాలో పుట్టి 857లో బాగ్దాదులో కన్నుమూసిన హారిస్ అనే పండితునికి ఈ సాధన వల్లనే అల్ ముహాసిబీ అనే పేరు స్థిరపడింది. 1111లో మరణించిన ఇమామ్ గజాలీ తన ‘ఇహ్యా ఉలూముద్దీన్’లోని 40 భాగాలలో ఒకదానిని ఆత్మ పర్యవేక్షణకు, ఆత్మ పరిశీలనకు కేటాయించారు.

గజాలీ దీనిని వర్తకంతో పోల్చారు. వర్తకుడు ఉదయం భాగస్వామికి షరతులు చెప్పి పెట్టుబడి అప్పగిస్తాడు, పగలంతా ఓ కన్నేసి ఉంచుతాడు, చివరకు కూర్చుని ఖాతా చూస్తాడు. ఇక్కడ భాగస్వామి మన మనస్సే. విధిగా చేయవలసినవి అసలు, అదనంగా చేసిన మంచి లాభం, పాపాలు నష్టం. ఏ వర్తకుడూ నష్టాలు మాత్రమే రాసుకోడన్న విషయాన్ని మనం మరచిపోతుంటాం. రాత్రిపూట తనను తాను తిట్టుకుంటూ పడుకోవడం ముహాసబా కాదు. అది ఖాతా చూడకుండానే దుకాణం మూసివేయడం వంటిది.

హక్కుల కోసం పనిచేసేవారికి దీనివల్ల ఒరిగేదేమిటి? ఒక తల్లి తన కూతురి స్కాలర్‌షిప్ దరఖాస్తు పట్టుకుని మన దగ్గరకు వస్తుందనుకోండి. ‘రేపు చూద్దామమ్మా’ అంటాం. నిజంగానే చూడాలనే అంటాం. మరునాడు ధర్నా, ఆ మరునాడు పెళ్లి. గడువు తేదీ మాత్రం మన ఉద్దేశాలను చూసి ఆగదు. ప్రతి రాత్రీ తాను మాటిచ్చినవారి పేర్లు రాసుకునే మనిషికి రెండో రాత్రికే ఆ అమ్మాయి పేరు మళ్లీ కనబడుతుంది. ఆ కనబడటమే మొదటి ప్రయోజనం. పెద్ద పెద్ద తీర్మానాలకన్నా అదే ఎక్కువ పని చేయిస్తుంది.

రెండోది ఇంటికి సంబంధించినది. సభలో విరోధి ప్రశ్నకు సైతం ఓర్పుగా జవాబిచ్చిన కార్యకర్త ఇంటికి వచ్చి, అన్నం చల్లారిందని భార్య మీద విసుక్కుంటాడు. హుఖూఖుల్ ఇబాద్ విషయంలో, అంటే తోటి మనుషుల హక్కుల విషయంలో, నొప్పించినవారినే క్షమాపణ అడగాలని మన పెద్దలు బోధిస్తూ వచ్చారు. కాబట్టి రాత్రి రాసుకున్న ఆ పేరు ఉదయానికి ఒక పనిగా మారాలి. భార్యను క్షమాపణ అడగడం కొందరికి కలెక్టరును నిలదీయడంకన్నా కష్టమని నాకు తెలుసు.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. పేరు వినగానే ఇల్లు అద్దెకు ఇవ్వనన్న యజమాని అన్యాయాన్ని మన ఖాతాలో రాసుకోకూడదు. అవమానాలకు అలవాటుపడిన సమాజం ఎదుటివాడి నేరాన్ని కూడా తన లోపంగానే భావించే ప్రమాదం ఉంది. ఆ మాటకు నేనెలా స్పందించాను, ఆ కుటుంబానికి తోడుగా నిలిచానా అన్నవి మాత్రమే నా ఖాతాలోవి. మిగతాది అతని లెక్క. దానిని అతని దగ్గరే, పగటిపూట, చట్టబద్ధంగా అడుగుదాం.

ఇది సామాజిక తనిఖీ కాదు, నలుగురిలో చదివేదీ కాదు. పిల్లలకు అలవాటు చేయండి గాని వారి పుస్తకం తెరిచి చూడకండి. తెరిచారని తెలిసిన రోజునుంచి వాళ్లు మీ కోసమే రాస్తారు.

ఇషా నమాజు తరువాత ఫోను పక్క గదిలో పెట్టి పది నిమిషాలు కూర్చోండి. ఎవరికి మాటిచ్చాను, ఎవరిని నొప్పించాను, ఏ మేలు చేయగలిగాను అని రాసుకోండి. నాలుగు ముక్కలు చాలు. ఈ రాత్రికి పుస్తకం దొరకకపోతే కరెంటు బిల్లు వెనుక రాసినా సరే.