కాటామీఁది యంకెలు



ధాన్యము కొనుచోటను, కిరాణా దుకాణమునను నేఁడు ముల్లుత్రాసు మూలఁబడి విద్యుత్కాటా నిలిచినది. దానియెదుట నిలుచు రైతునకు ఆ యెఱ్ఱని యంకెలే ప్రమాణము. మొన్నటి కోఁతలలో మా గ్రామమున నొక రైతు కాటాను సెల్‌ఫోనుతో ఫొటో తీయఁగా, నాలుగంకెలకు రెండే పడినవి. మోసమని కొందఱు కేకలు వేసిరి. అది మోసము కాదు. ఏల కాదో మనవి చేసెదను.

ఒక్కొక్క యంకెస్థానమున ఏడు వెలుఁగుగీఁతలు కలవు: అడ్డముగా మూఁడు, ప్రక్కలను నిలువుగా నాలుగు. ఏడును వెలిఁగిన 8. నడిమిది ఆఱిన 0. కుడిప్రక్క రెండే వెలిఁగిన 1. దశాంశ బిందువు ఎనిమిదవ దీపము. ఛందస్సు చదివినవారికి ఇది క్రొత్త గాదు. ఏడక్షరముల పాదమునకు గురులఘు ప్రస్తారము వేసిన 128 భేదములు వచ్చును గదా! వెలుఁగు గురువు, చీఁకటి లఘువు అనుకొనుఁడు. అందు పదియే యంకెలకుఁ జాలును.

నాలుగు స్థానములకు దీపమున కొక తీఁగ చొప్పున 32 తీఁగలు కావలెను. లోపలనుండు మైక్రోకంట్రోలరను చిన్న గణకమునకు తఱచుగా అన్ని కాళ్లుండవు. అందుచే 74హెచ్‌సి595 వంటి షిఫ్టు రిజిస్టరును నడుమ నుంతురు. చెఱువు పూడిక తీయునపుడు జనులు వరుసగా నిలిచి మట్టితట్టలను చేతులు మార్చుట చూచియున్నారు. ఇదియు నట్టిదే. ఒక తీఁగపై వెలుఁగు చీఁకటుల వార్త ఒక్కొక్కటిగా వచ్చును. రెండవ తీఁగ "జరుగు" మని దరువు వేయును. ఎనిమిది దరువులకు ఎనిమిది గదులు నిండును. మూఁడవ తీఁగ ఆజ్ఞ యిచ్చువఱకు బయటి దీపములు మాఱవు. ఈ మూఁడవదే మిక్కిలి తెలివిగల యేర్పాటని నా యభిప్రాయము. అది లేనిచో జరుగుచున్న వార్త యంతయు దీపములపై మిణుకుమిణుకుమని యంకె యలుకుకొనిపోవును. తొమ్మిదవ వార్త వచ్చినచో మొదటిది ప్రక్క రిజిస్టరులోనికిఁ బోవును. కావున ఎన్ని రిజిస్టరులు చేర్చినను గణకమునుండి వచ్చు తీఁగలు మూఁడే.

పొదుపరులు రెండు రిజిస్టరులతోనే సరిపుచ్చుదురు. ఒకటి గీఁతలను, రెండవది స్థానమును నిర్ణయించును. ఒక్కొక్క స్థానము, మాటవరుసకు, 2 మిల్లీసెకండ్లు వెలిఁగి యాఱును. అట్లయిన సెకండునకు 125 చుట్లు. కొఱవిని గిరగిర త్రిప్పిన నిప్పుచక్రము తోఁచునే, పెద్దలు దానిని అలాతచక్రమనిరి. అట్లే కన్ను నాలుగింటిని ఒక్కమాఱే చూచినట్లు భ్రమించును. ఫొటోయంత్రమో రెప్పపాటులో స్వల్పాంశమే తెఱచియుండును. అపుడు వెలుఁగుచున్నవే పడును.

భయపడవలసినది వేఱొకటి కలదు: గీఁత చెడుట. 8లో నడిమి గీఁత పోయిన 0 అగును. 48 కిలోలు 40గాఁ గనఁబడును. 7లో పైగీఁత పోయిన 1. 6లో ఎడమ క్రిందిగీఁత పోయిన 5. ఒక్క గీఁత పోయి వేఱొక యంకెగా మాఱునపుడు, 8 తొమ్మిదియగుట తప్ప, తక్కిన వన్నియు తక్కువవైపునకే! అమ్మువానికే నష్టము. గణకమునకు సరియైన తూకము తెలియును. దాని ముద్రితపుఁ జీటి చెడదు. కంటఁ జూచి చేత వ్రాసికొన్న లెక్కయే చెడును.

పలు కాటాలు మీట నొక్కఁగానే 8లన్నియుఁ జూపును, లేక 0 మొదలు 9 వఱకు లెక్కించును. అది యలంకారము కాదు, గీఁతల పరీక్ష. ఒక్క స్థానముననే గీఁత లేనిచో ఆ దీపమే చెడినది. ఇట్టి పొదుపు కాటాలో అన్ని స్థానములందును అదే గీఁత లేనిచో రిజిస్టరు కాలో, తీఁగయో చెడినది. స్థానమంతయు చీఁకటియైనచో దాని నెన్నుకొను ట్రాన్సిస్టరును అనుమానింపవలెను. మొదటి బస్తా ఎక్కింపకమునుపే కాటాను ఆర్పి మరల వెలిగింపుమని యడుగుఁడు.