గురువుగారి వంతు



మన ఇళ్ళల్లో ఇంజనీరింగు అన్నమాట వినపడని రోజుండదు. పిల్లాణ్ణి ఉయ్యాల్లో వేసిననాడే "మా వాడు ఇంజనీరవుతాడు" అని అత్తగారో, ఆడపడుచో అనేస్తుంది. ఇక వాడు పదో తరగతికి వచ్చేసరికి ఏ ర్యాంకుకు ఏ కాలేజీలో సీటొస్తుంది, ఏ బ్రాంచికి ఫీజు ఎంత, హాస్టలుకు ఎంత, బస్సుకు ఎంత, ఇవన్నీ మనకు కంఠతా వచ్చేస్తాయి. చీర కొనేటప్పుడు అంచు తిరగేసి, రంగు పోతుందా పోదా అని పదిసార్లు అడిగే మనం, నాలుగేళ్ళ చదువు కొనేటప్పుడు మాత్రం ఒక్క ప్రశ్న అడగం. అక్కడ పాఠం చెప్పే ఆయన ఎలా చెబుతాడు? పిల్లవాడికి బోధపడకపోతే ఏం చేస్తాడు?

ఈ ప్రశ్నకు జవాబు చెప్పగలవాళ్ళు ఆయన దగ్గర చదువుకున్న విద్యార్థులే. అందుకని ఈవేళ ఒక విద్యార్థి కథ, ఆయనకు దొరికిన ఇద్దరు ఇంజనీరింగు ప్రొఫెసర్ల కథ చెబుతాను. ఆ విద్యార్థి పేరు మీ అందరికీ తెలుసు. మన రాష్ట్రపతిగా పనిచేసిన అబ్దుల్ కలాం గారు.

కలాం గారిది రామేశ్వరం. కలిగిన కుటుంబం కాదు. తిరుచిరాపల్లిలో బి.యస్సీ. అయ్యాక మద్రాసులోని క్రోంపేటలో ఉన్న మద్రాస్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో సీటొచ్చింది. చేరడానికి ఆ రోజుల్లో వెయ్యి రూపాయలదాకా కావలసివచ్చింది. తండ్రి దగ్గర అంత డబ్బు లేదు. అప్పుడు అక్కగారు జొహరా తన బంగారు గాజులూ, గొలుసూ కుదువపెట్టి తమ్ముణ్ణి చదువుకు పంపింది. ఆడవాళ్ళ మెడలో గొలుసు ఇంటికి ఎన్ని విధాల అక్కరకొస్తుందో మనకు వేరే చెప్పాలా! ఆ గాజులు తన సంపాదనతోనే విడిపించాలని కలాం గారు అప్పుడే అనుకున్నారట. సంపాదన రావాలంటే చదువు పూర్తికావాలి. చదువు సాగాలంటే స్కాలర్‌షిప్పు నిలవాలి.

అక్కడ డిజైను పాఠం చెప్పే ప్రొఫెసరు శ్రీనివాసన్ గారు. ఆ విద్యాసంస్థకు డైరెక్టరు కూడా ఆయనే. నలుగురు తోటివాళ్ళతో కలిసి ఒక యుద్ధవిమానానికి నమూనా గీసే పని కలాం గారికి అప్పగించారు. ఒకనాడు శ్రీనివాసన్ గారు వచ్చి చూస్తే పని ఏమాత్రం సాగలేదు. కలాం గారు ఒక నెల గడువడిగారు. ఆయన నెల కాదుగదా, మూడు రోజులే ఇచ్చారు. ఆరోజు శుక్రవారం. సోమవారం పొద్దుటికి నమూనా చేతికి రాకపోతే స్కాలర్‌షిప్పు ఆపేస్తానన్నారు.

ఇంతవరకు వింటే "అయ్యో, ఎంత కఠినుడు" అనిపిస్తుంది. అక్కగారి గాజులు తాకట్టులో ఉన్న కుర్రవాడికి ఆ మాట ఎలా ఉండి ఉంటుందో ఆలోచించండి. ఆ రాత్రి ఆయన భోజనం కూడా మానేసి బల్ల ముందు కూర్చున్నారు. ఆదివారం పొద్దున పనిలో మునిగి ఉండగా గదిలో ఎవరో ఉన్నట్టు అనిపించి చూస్తే, శ్రీనివాసన్ గారు దూరంగా నిలబడి చూస్తున్నారు. టెన్నిసు ఆడి, ఆ బట్టలతోనే నేరుగా వచ్చారు. గీసినదంతా చూసి, ఆనందంతో కుర్రవాణ్ణి దగ్గరకు తీసుకున్నారు. అసాధ్యమైన గడువు పెట్టానని తనకు తెలుసనీ, ఇంత బాగా చేస్తాడని అనుకోలేదనీ చెప్పారు. 1999లో వచ్చిన "వింగ్స్ ఆఫ్ ఫైర్" పుస్తకంలో కలాం గారే ఇదంతా రాసుకున్నారు. తెలుగులో అది "ఒక విజేత ఆత్మకథ" పేరుతో వచ్చింది.

ఇందులో మనం పట్టించుకోవలసింది మూడు రోజుల గడువు కాదు. గడువులు పెట్టడం, భయపెట్టడం ఎవరికైనా వచ్చు. మనమూ రోజూ చేసే పనే. "సాయంత్రానికి లెక్కలు పూర్తికాకపోతే వీపు విమానం మోత మోగుతుంది" అని కూరగాయలు తరుగుతూనే కేకేస్తాం. విమానాలు నేర్పిన ఆ ప్రొఫెసరుగారు మాత్రం కేకేసి ఊరుకోలేదు. సెలవురోజున, అడగకుండా వచ్చి, పిల్లవాడు ఎంతదాకా వచ్చాడో కళ్ళారా చూసుకున్నారు. గడువు పెట్టినవాడే మధ్యలో వచ్చి చూడటం గురువు వంతు. అది లేకపోతే మిగిలేది బెదిరింపు ఒక్కటే.

ఇక రెండో ఆయన సతీష్ ధవన్ గారు. 1920లో శ్రీనగర్‌లో పుట్టారు. లాహోరులో చదివారు. మెకానికల్ ఇంజనీరింగుతోపాటు ఇంగ్లీషు సాహిత్యంలో ఎం.ఏ. కూడా చేశారంటే ఆశ్చర్యంగా ఉంటుంది. తరువాత అమెరికాలో విమానశాస్త్రం చదివి డాక్టరేటు పుచ్చుకుని, 1951లో బెంగుళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో చేరారు. 1955లో విమాన విభాగానికి అధిపతి అయ్యారు.

కలాం గారు చదువు ముగించి బెంగుళూరులో రక్షణశాఖవారి సంస్థలో ఉద్యోగంలో చేరినప్పుడు ఆయనకొక చిక్కు వచ్చింది. ఒకే ఇరుసు మీద రెండు పంకాలు, ఒకటి కుడికి తిరుగుతుంటే రెండోది ఎడమకు తిరిగేటట్టు తయారుచేయాలి. ఎలా చేయాలో తెలియక ధవన్ గారి దగ్గరకు వెళ్ళారు. కలాం గారు ఆయన కాలేజీ విద్యార్థి కాదు. జీతమిచ్చి చేరినవాడూ కాదు. అయినా ధవన్ గారు, శనివారాలు మధ్యాహ్నం రెండు గంటలకు రమ్మని, ఆరు వారాలు చెబుతానన్నారు.

ఆ పాఠాలు ఎలా జరిగేవో కలాం గారు ఎన్నో సభల్లో చెప్పారు. మొదట ఆరు వారాల్లో ఏ వారం ఏం చెప్పబోతున్నారో మొత్తం నల్లబల్ల మీద రాసిపెట్టారట. పాఠాలు మొదలవకముందే చదువుకోవలసిన పుస్తకాలు ఇచ్చారట. ప్రతి శనివారం పాఠానికి ముందు కొన్ని గట్టి ప్రశ్నలు వేసి, శిష్యుడికి ఎంతవరకు పట్టుబడిందో చూసుకుని ఆ పైన మొదలుపెట్టేవారట. పాఠం చెప్పేముందు గురువు కూడా విద్యార్థిలాగే తయారవుతాడని అప్పుడే తెలిసిందంటారు కలాం గారు. ఆరు వారాలయ్యేసరికి ఆ జంట పంకాల డిజైను చేయగల శక్తి వచ్చింది.

వంటింటి భాషలో చెప్పుకుంటే, రేపటి పిండికి ఈవేళ పప్పు నానబోసుకోవడం లాంటిది ఇది. నానకముందే రుబ్బితే పిండి ఎలా ఉంటుందో, ముందు పాఠం పట్టుబడకముందే తరువాతి పాఠం చెబితే బుర్ర అలాగే ఉంటుంది. ఇప్పుడు చాలాచోట్ల ప్రశ్నలు పాఠమంతా అయిపోయాక, మార్కుల కోసం వేస్తున్నారు. ధవన్ గారు పాఠానికి ముందు, తాను ఎక్కడ మొదలుపెట్టాలో తెలుసుకోవడానికి వేశారు. ప్రశ్న ఒకటే అయినా, వేసే ఉద్దేశం వేరు.

ఆయన సొంత విద్యార్థుల్లో ప్రముఖుడు రొద్దం నరసింహ గారు. రొద్దం అనగానే అనంతపురం వైపువారికి తమ ఊరు గుర్తుకొస్తుంది. నరసింహ గారు బెంగుళూరులో పెరిగారు. ఆ విద్యాసంస్థ ఆవరణలో నిలబెట్టి ఉంచిన ఒక పాత యుద్ధవిమానాన్ని చూసి, ఈ చదువే చదవాలని 1953లో అక్కడ చేరారు. యువకుడైన ధవన్ గారు వచ్చాక అక్కడి వాతావరణమే మారిందని, రంగురంగుల చొక్కాలు, బేషజంలేని మాట, శ్రద్ధ, అన్నీ విద్యార్థులను ఆకట్టుకున్నాయని తరువాత రాశారు. విదేశాల నుంచి ఖరీదైన యంత్రాలు తెప్పించుకునే రోజులు కావవి. తక్కువ ఖర్చులో ఇక్కడే పరికరాలు కట్టుకుని ప్రయోగాలు చేసేవారు.

వాళ్ళు చేసిన పని ఏమిటో మన ఇంట్లోనే చూడవచ్చు. తిరిగే ఫాను రెక్క మీద దుమ్ము ఎందుకు పేరుకుంటుందో ఎప్పుడైనా ఆలోచించారా? అంత జోరుగా తిరుగుతున్నా, రెక్కను ఆనుకున్న పలచని గాలి పొర రెక్కతోపాటే తిరుగుతుంది. అందుకే దుమ్ము ఎగిరిపోదు. విమానం రెక్క మీదా అలాంటి పొరే ఉంటుంది. ఇక దేవుడి ముందు అగరువత్తి వెలిగించి చూడండి. పొగ ముందు దారంలా నిటారుగా లేస్తుంది, కొంచెం పైకి వెళ్ళాక సుడులు తిరిగి చెదిరిపోతుంది. ఆ పలచని పొరలోనూ గాలి అలాగే నెమ్మదిగా సాగుతూ సాగుతూ అల్లకల్లోలమవుతుంది. ఆ మార్పు ఒక్కసారిగా రాదు, అక్కడొక మచ్చ ఇక్కడొక మచ్చగా వస్తూ పోతూ చివరకు అంతటా కమ్ముతుంది. ఆ మార్పును కొలిచి, లెక్క కట్టి, 1958లో గురుశిష్యులిద్దరూ కలిసి ఒక వ్యాసం ప్రకటించారు. శిష్యుడికి అప్పటికి పాతికేళ్ళు నిండలేదు. ఆ వ్యాసాన్ని ఇంజనీర్లు ఈనాటికీ ఉదహరిస్తుంటారు.

ఇంత మంచి శిష్యుణ్ణి ధవన్ గారు తన దగ్గరే అట్టేపెట్టుకోలేదు. అమెరికాలో తనకు చదువు చెప్పిన లీప్‌మన్ గారి దగ్గరకే పంపారు. నరసింహ గారు అక్కడ డాక్టరేటు చేసి 1962లో తిరిగి వచ్చి, అదే విభాగంలో పాఠాలు చెప్పారు. చేతికందివచ్చిన బిడ్డను దూరం పంపేటప్పుడు తల్లికెలా ఉంటుందో మనకు తెలుసు. గురువుకూ అలాగే ఉండి ఉంటుంది.

ఇక చివరి సంగతి మన ఆంధ్ర తీరంలో జరిగింది. ధవన్ గారు 1972 నుంచి 1984 దాకా అంతరిక్ష సంస్థ ఇస్రోకు అధ్యక్షులు. శ్రీహరికోట నుంచి 1979 ఆగస్టు 10న మన మొదటి ఉపగ్రహ వాహకం ఎస్.ఎల్.వి.-3 బయలుదేరింది. దాని బాధ్యత కలాం గారిది. రెండో అంచెలో అదుపు తప్పి బంగాళాఖాతంలో పడిపోయింది. ఏళ్ళ తరబడి పడ్డ శ్రమ నీటిపాలయింది. పత్రికలవాళ్ళు చేరారు. కలాం గారు అలసటతో, అవమానంతో కుంగిపోయి ఉన్నారు. ధవన్ గారు తానే ముందుకు వచ్చి, ఈరోజు విఫలమయ్యాం, నా మనుషుల మీద నాకు నమ్మకముంది, వచ్చేసారి గెలుస్తామని చెప్పారు. నిందంతా తన మీద వేసుకున్నారు. 1980 జూలై 18న అదే వాహకం రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో ప్రవేశపెట్టింది. అప్పుడు పత్రికలవాళ్ళ ముందుకు కలాం గారినే వెళ్ళమన్నారు.

ధవన్ గారు 2002లో కాలంచేశారు. ఆ ఏడాదే శ్రీహరికోట కేంద్రానికి ఆయన పేరు పెట్టారు. సూళ్ళూరుపేట మీదుగా వెళ్ళేటప్పుడు ఆ పేరు కనబడితే, అది ఒక పాఠాలు చెప్పే మనిషి పేరని పిల్లలకు చెప్పండి.

ఈ కథ ఇప్పుడెందుకు చెప్పానంటే, మనకు పరీక్షా ఫలితాల రోజు ఒకటి ఏటా వస్తుంది. 2019లో తెలంగాణలో ఇంటర్ ఫలితాలు వచ్చిన రోజుల్లో ఇరవైమందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. తప్పినవాళ్ళ కాగితాలు మళ్ళీ చూస్తే వెయ్యిమందికి పైగా పాసయ్యారు. పాసైనా, తప్పినా ఆ కాగితం ఒక నిండు ప్రాణానికి సమానమా చెప్పండి. ఆరోజున ఇంటికి చుట్టాలు ఫోన్లు చేస్తారు, పక్కింటావిడ పలకరింపుకొస్తుంది. పిల్లవాడు తలుపేసుకుని లోపలుంటాడు. అప్పుడు గుమ్మంలో నిలబడి "ఈసారి పోయింది, మళ్ళీ రాస్తాడు, మాకు వాడి మీద నమ్మకముంది" అని ముందుగా చెప్పవలసింది మనం. ఆ మాట తలుపు లోపలికి వినబడేటట్టు చెప్పాలి. ర్యాంకు వచ్చిననాడు మాత్రం మనం వెనక్కి తగ్గి, మాట్లాడే వంతు వాడికే ఇద్దాం.

అలాగే కాలేజీకి ఫీజు కట్టడానికి వెళ్ళినప్పుడు, అక్కడ చదువుతున్న పిల్లలనొకరిని పక్కకు పిలిచి అడగండి. "అర్థంకాలేదని చెబితే మీ సారు ఏం చేస్తారమ్మా?" అని. భవనాలు, బస్సులు, బోర్డు మీద ఫొటోలు చెప్పలేని సంగతి ఆ ఒక్క జవాబులో తెలుస్తుంది. ఇంట్లో కూడా, చదివావా అని వంటింట్లోంచి కేకేసే బదులు ఒక పది నిమిషాలు పక్కన కూర్చుని "ఎంతదాకా వచ్చావు, ఎక్కడ ఆగిపోయావు" అని అడుగుదాం. మనకు ఆ లెక్కలు రాకపోవచ్చు. శ్రీనివాసన్ గారు ఆ ఆదివారం పొద్దున శిష్యుడి బదులు గీత గీయలేదు, వచ్చి చూశారంతే. అంతమాత్రం మనమూ చేయగలం.