యాత్రా ఛాయాచిత్రముల పరిష్కరణము



యాత్రకు బోయివచ్చినవారి యింట నొక నిరాశ తరచుగా గానవచ్చును. కన్నులతో జూచినపుడు కొండ నీలముగా, నిండుగా నుండెను. ఫోటోలో బూడిదరంగు మరకవలె నున్నది. గోపుర మొకప్రక్కకు ఒరగినది. దాని ముందు నిలిచిన యిల్లాలి ముఖము చీకటిలో గలిసిపోయినది. కెమెరాను నిందించి, అట్టి చిత్రములను పలువురు తుడిచివేయుదురు. అంత తొందర యక్కరలేదు.

తాటాకుపై గంటముతో వ్రాసిన యక్షరము మొదట స్పష్టముగా గనబడదు. మసి పూసి తుడిచినపుడు గీతలలో మసి నిలిచి యక్షరము తేటపడును. మసి యక్షరమును బుట్టింపదు. ఉన్న యక్షరమును జూపును. కంప్యూటరుతో గాని సెల్‌ఫోనుతో గాని ఫోటోను బాగుచేయుటయు నిట్టిదే.

ఈ కాలపు ఫోటో లక్షలాది చిన్న గడుల కూర్పు. ప్రతి గడియందును ఎరుపు, ఆకుపచ్చ, నీలము అను మూడు వన్నెల పాళ్లు సాధారణముగా 0 మొదలు 255 వరకు గల యంకెలలో నుండును. మంచులో దీసిన చిత్రమున ఆ యంకెలన్నియు 120కిని 200కును నడుమ ఇరుకుకొని యుండవచ్చును. వానిని రెండువైపులకు సాగదీసినచో, వెలుగునీడలు వేరుపడి కొండ మరల లేచి నిలుచును. చీకటిపాలైన ముఖమునందు అంకెలు చిన్నవైనను వానిలో భేదములు మిగిలియుండును గనుక దానిని వెలిగింపవచ్చును. ఎండకు పూర్తిగా దెల్లబోయిన యాకాశమున అన్నియు 255 అయిపోవును. అచ్చట మేఘముల జాడ మిగులదు. ఏ మసియు దానిని జూపలేదు. కావున ఫోటో తీయునపుడే ఆకాశము తెల్లబోకుండ వెలుగును మితముగా బట్టవలెను.

దిద్దువారు అసలు ప్రతిని భద్రపరచి, నకలుపై పనిచేయవలెను. మొదట వంకరను సరిచేసి, అనవసరపు టంచులను గత్తిరించి, పిదప వెలుగును, తుదకు రంగులను దిద్దవలెను. రంగు మితిమీరినచో ముఖములు పసుపు పూసినట్లగును.

ఇక హద్దు మాట. నేషనల్ జియోగ్రాఫిక్ పత్రికవారు 1982 ఫిబ్రవరి సంచిక ముఖపత్రముపై ఈజిప్టులోని గీజా పిరమిడ్ల చిత్రమును వేయుచు, నిలువు పుటలో ఇముడుటకై కంప్యూటరు సాయమున పిరమిడ్లను దగ్గరకు జరిపిరి. అందుపై గొప్ప విమర్శ చెలరేగెను. 1990లో ఫోటోషాప్ అను సాఫ్ట్‌వేర్ విక్రయమునకు వచ్చిన పిదప ఇట్టి పని మరింత సులువయ్యెను. నేడు సెల్‌ఫోనుపై వ్రేలితో ముట్టినంతనే లేని మేఘము వచ్చును, ఉన్న మనిషి మాయమగును. గ్రంథములలో ఇతరులు చొప్పించిన పద్యములను పండితులు ప్రక్షిప్తము లందురు. ఈ మేఘములును ప్రక్షిప్తములే.

గడచిన శీతకాలమున నేనును మా మనుమడును గోదావరిపై పాపికొండల యాత్ర చేసితిమి. మంచువలన చిత్రములన్నియు వెలవెలబోయెను. మనుమడు వానిని పైన జెప్పిన రీతిని దిద్దుచు, ఒకదానిలో గట్టుమీది పాకలను జూపి, "తాతగారూ! వీనిని తీసివేసినచో చిత్రము ముచ్చటగా నుండును" అనెను. పోలవరము ప్రాజెక్టు ముంపునకు లోనగు గ్రామములలో అది యొకటి. అప్పటికే సగ మిండ్లకు పైకప్పులు లేవు.

"వద్దు నాయనా! రేపు ఆ యూరి బిడ్డ యెవడైన 'మా యూరెట్లుండెను?' అని యడిగినచో, చూపుటకు ఈ ఫోటోయే మిగులునేమో" అంటిని.

వాడు పాకల జోలికి బోక, వానిమీది మంచుతెరను మాత్రము పలుచన చేసెను. అపుడొక ముంగిట నిలిచి పడవవైపు జూచుచున్న వృద్ధురాలు కానవచ్చెను. పడవలో నుండగా మే మిద్దరమును ఆమెను జూచి యుండలేదు.

మీ యిండ్లలోని పిల్లలు యాత్రాచిత్రములను దిద్దునపుడు ప్రక్కన గూర్చుండుడు. దిద్దు నేర్పు వారిది. కొండ యే వన్నెలో నుండెనో, గట్టుపై నెవరుండిరో చెప్పగల జ్ఞాపకము మీది. ప్రతి చిత్రమునకును ఊరి పేరును, తేదీని వ్రాయింపుడు. మసి పూయనిండు, క్రొత్త యక్షరము చెక్కనీయకుడు.