కడుపులో మంట అంతా గ్యాసేనా?



మన ఫౌజీలకు ఒక అలవాటుంది. కడుపులో మంటంటే "ఆఁ, గ్యాసేలే" అని ఓ మాత్ర వేసుకుని పెరేడ్‌కు వెళ్ళిపోతారు. ఎం.ఐ. రూముకు వెళితే మెడికల్ కేటగిరీ తగ్గిస్తారేమోనని భయం. డాక్టరుగా నేను ఎక్కువగా చూసింది ఇదే. జీర్ణాశయ క్యాన్సర్ మొదట్లో అచ్చం గ్యాస్‌లాగే ఉంటుంది. మాత్రకు కొన్నాళ్ళు అణుగుతుంది కూడా. చిక్కంతా అక్కడే.

దీనికి ముఖ్య కారణం హెలికోబాక్టర్ పైలోరీ అనే సూక్ష్మజీవి. అది కడుపుకి చేసే కీడును చూపించడానికి ఆస్ట్రేలియా డాక్టరు బారీ మార్షల్ 1984లో ఆ క్రిముల్ని తనే తాగేశాడు! 2005లో రాబిన్ వారెన్‌తో కలిసి నోబెల్ అందుకున్నాడు. ఇది సోకిన అందరికీ క్యాన్సర్ రాదు. పరీక్షలో బయటపడితే, రెండు వారాలపాటు మందులు పూర్తిగా వాడితే చాలామందికి పోతుంది.

మన దేశంలో ఈ జబ్బు మిజోరంలో బాగా ఎక్కువ. పొగబెట్టిన మాంసం, పొగాకు అక్కడ ముఖ్య కారణాలంటారు. పొగాకు పొగ పట్టించిన నీళ్ళు, 'తుయిబుర్', అక్కడ డ్యూటీ చేసినవారు చూసే ఉంటారు. మనకేమో ఊరగాయ, ఉప్పుచేప. మానమంటే నన్ను సభలోంచి పంపేస్తారు! పూటపూటా వద్దంటాను, అంతే. సిగరెట్ మాత్రం పూర్తిగా మానాల్సిందే.

నలభై దాటాక కొత్తగా అజీర్తి మొదలై తగ్గకపోయినా, నాలుగు ముద్దలకే కడుపు నిండినా, ఊరికే బరువు తగ్గినా, విరేచనం తారులా నల్లగా అయినా ఎండోస్కోపీ గురించి డాక్టరును అడగండి. కొద్ది నిమిషాల పని. రిటైరైనవారు ఇ.సి.హెచ్.ఎస్. కార్డు బీరువాలో దాచుకోకండి. అమ్మలూ, ఆయన దాచినా కంచంలో మిగిలిన అన్నం మీకు చెబుతుంది. మీరే లాక్కురండి.