చంపే గుణం, చేరే దారి

పట్టభద్రులారా, ఈ వేదిక మీద విజయాల గురించి వినడం మీకు అలవాటే. నేను మాత్రం 1960ల నుంచీ శాస్త్రానికి తెలిసినా దోమల నియంత్రణకు ఇప్పటికీ అక్కరకు రాని ఒక వైరస్ గురించి మాట్లాడతాను. అది క్లోరిరిడోవైరస్ ప్రజాతికి చెందింది. అమెరికా తీరాల ఉప్పు చిత్తడి నేలల్లో పెరిగే ఈడిస్ టీనియోరింకస్ దోమ లార్వాల్లో దొరికింది. దాని దగ్గరి బంధువులు నల్ల ఈగల్లో, కొన్ని చిమ్మటల్లో కూడా ఉన్నాయి. జబ్బు ముదిరిన లార్వా ఒళ్లు రంగులీనుతూ మెరుస్తుంది. నిజానికి అందులో రంగు పదార్థమేదీ లేదు. సుమారు 180 నానోమీటర్ల వైరస్ కణాలు లార్వా జీవకణాల్లో స్ఫటికంలా వరుసలు కట్టి కాంతిని తిప్పికొడతాయి, అంతే. అలా మెరిసిన లార్వా దాదాపుగా బతకదు. దోమల మీద ప్రయోగించడానికి ఇంతకన్నా ఏం కావాలి అనిపిస్తుంది.

కావలసింది దారి. ఈ వైరస్‌ను సూదితో లార్వా ఒంట్లోకి ఎక్కిస్తే ఇట్టే సోకుతుంది. నీళ్లలో కలిపి తినిపిస్తే కొద్దివాటికే అంటుతుంది. గుంటలోని లార్వాలకు సూది వేసేదెవరు? ప్రకృతిలో చచ్చిన లార్వాను తిన్న మరో లార్వాకు ఇది చేరుతుంది. ఆ తిన్నది అప్పటికే బాగా ఎదిగి ఉంటే దోమగా మారి, గుడ్ల ద్వారా సంతానానికి అంటిస్తుంది. ఆ సంతానం ఎక్కువగా నాలుగో దశలో చస్తుంది. వైరస్ మనుగడకు ఈ చక్రం చాలు, మన అవసరానికి చాలదు. 1976లో ఇజ్రాయెల్‌లోని నెగెవ్ ఎడారిలో దొరికిన బీటీఐ బ్యాక్టీరియా సంగతి వేరు. దాని విషస్ఫటికాలను లార్వా తానే తిని, సుమారు ఒక్క రోజులో చస్తుంది. అందుకే అది మందుగా మారింది. మలేరియా కథా ఇదే. పరాన్నజీవిని లావెరాన్ 1880లోనే చూశాడు. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ దోమ జీర్ణాశయ గోడలో దాన్ని పట్టుకున్నప్పుడు బయటపడింది అది ప్రయాణించే దారి.

అయితే ఇన్నేళ్ల పరిశోధన వృథాయే కదా అని మీరు అడగవచ్చు. ప్రజాధనానికి లెక్క అడగడం న్యాయమే. కానీ 2006లో దీని జన్యుక్రమం, సుమారు 1,91,000 బేస్ జతలు, 126 జన్యువులతో వెలువడ్డాక, అడ్డు ఎక్కడుందో వెతకడానికి ఆధారం దొరికింది. జన్యువులు మార్చి ఆ దారి మనమే వేయవచ్చు కదా అన్నది ఇంకా గట్టి ప్రశ్న. వేయవచ్చేమో. అయితే తినగానే సోకే వైరస్ దోమ దగ్గరే ఆగుతుందని హామీ ఎవరిస్తారు? దోమల కోసమని దేశదేశాల్లో వదిలిన గాంబూసియా చేపలు ఎన్నోచోట్ల స్థానిక చేపలకే ముప్పయ్యాయి. మీలో కొందరు రేపు ప్రయోగశాలల్లో, కొందరు మలేరియా విభాగాల్లో చేరతారు. బీకరులో లార్వాలన్నీ చచ్చిన ఫలితంతో పాటు, గుంటలో ఏమీ జరగని ఫలితాన్నీ దయచేసి అచ్చు వేయించండి.