నూనె తెట్టు కింద ఏం జరుగుతోంది? సముద్రంలో కంటికి కనిపించని నాచు కథ

ఈరోజు మాట్లాడుకునేది కంటికి కనిపించని విషయం. కానీ అది మన చోడవరం మార్కెట్లో చేపల బుట్ట దాకా వస్తుంది. అందుకే చివరిదాకా చూడండి.

సముద్రంలో ఆయిల్ ఒలికింది అనగానే మనకి ఏం గుర్తొస్తుంది? నల్లటి అలలు, జిడ్డు అంటుకున్న పక్షులు. 2017 జనవరి 28న చెన్నై దగ్గర ఎన్నూరులో రెండు ఓడలు గుద్దుకున్నప్పుడు టీవీలో చూసింది అదే. జనం బకెట్లతో ఆ జిడ్డు తోడారు. కెమెరాకి దొరికింది అంతవరకే.

కెమెరాకి దొరకనివి సూక్ష్మ శైవలాలు. స్కూల్లో వృక్షప్లవకాలు అని చదువుకున్నాం కదా, అవే. చాలావరకు వెంట్రుక మందం కూడా ఉండవు. కానీ భూమ్మీద జరిగే కిరణజన్య సంయోగక్రియలో దాదాపు సగం వీటి పనే. వీటిని జంతుప్లవకాలు తింటాయి, వాటిని చేపపిల్లలు తింటాయి. కవళ్లలాంటి చేపలైతే నేరుగా వీటినే వడకట్టుకుని తింటాయి.

మరి ఆయిల్ వీటినేం చేస్తుంది? ఒకటి, పైన తెట్టు కడితే కిందకి వెలుతురు తగ్గుతుంది. రెండు, గాలికీ నీటికీ మధ్య వాయువుల రాకపోకలు మందగిస్తాయి. మూడోది అసలు ప్రమాదం. ఆయిల్‌లో నాఫ్తలీన్ లాంటి పదార్థాలు నీళ్లలో కరిగి, కణం పైపొరలోకి దూరి, ఆహారం తయారుచేసుకునే యంత్రాంగాన్నే దెబ్బతీస్తాయి. వీటిలో కొన్నింటి మీద ఎండ పడితే విషం ఇంకా పెరుగుతుంది.

అయితే నాచు మొత్తం చచ్చిపోతుందా అంటే, లేదు. ట్విస్ట్ ఇక్కడే ఉంది. అన్ని జాతులూ ఒకేలా తట్టుకోలేవు. కొన్ని కుదేలైపోతాయి. కొన్ని మాత్రం, ఆయిల్ మోతాదు తక్కువగా ఉంటే, మామూలు కంటే ఎక్కువ పెరిగినట్టు కూడా ప్రయోగాల్లో కనిపించింది. వాటిని తినే జంతుప్లవకాలు చచ్చిపోతే ఇక అడిగేవాడే లేడు, నాచు ఇంకా పెరుగుతుంది.

సాఫ్ట్‌వేర్ వాళ్లకి అర్థమయ్యేలా చెప్తా. డాష్‌బోర్డ్ అంతా గ్రీన్, లోపల డేటా మాత్రం మారిపోయింది. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ శాటిలైట్ డేటాలో నీటి వేడి, క్లోరోఫిల్ చూసి చేపలు ఎక్కడ దొరకొచ్చో మత్స్యకారులకి చెప్తుంది. చాలా మంచి సేవ. కానీ క్లోరోఫిల్ ఎంత ఉందో తెలిసినంత మాత్రాన అక్కడున్నది ఏ జాతి నాచో కచ్చితంగా తెలియదు. దానికి నీళ్లు తీసి మైక్రోస్కోప్ కింద పెట్టాల్సిందే. ఆయిల్ ఒలికాక చూడాల్సింది ఎంత పచ్చగా ఉందని కాదు, ఎవరు మిగిలారని.

ఇంకోటి. పైన తెట్టు మాయమైతే సముద్రం బాగుపడిందనుకుంటాం. 2010లో అమెరికా దగ్గర డీప్‌వాటర్ హొరైజన్ ప్రమాదంలో, ఈ నాచూ బ్యాక్టీరియా వదిలిన జిగురుకి కొంత ఆయిల్ అంటుకుని ముద్దలై అడుక్కి దిగిపోయింది. అంటే ఆ ఆయిల్ పోలేదు, చోటు మారింది.

మన తూర్పు తీరంలో చేపలు గుడ్లు పెట్టి పెరగాలని ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు వేట ఆపుతాం. మత్స్యకారులు రెండు నెలల సంపాదన వదులుకుంటారు. ఆ పిల్లలు తినే తిండి దగ్గరే తేడా వస్తే, వాళ్ల త్యాగానికి ఫలితం ఏముంటుంది?

అయినా ఆయిల్ ఓడల నుంచే రానక్కర్లేదు. బైక్ సర్వీసింగ్‌లో తీసిన పాత ఇంజిన్ ఆయిల్ కాలువలో పోస్తే, అది వానకి గెడ్డలోకి, అక్కడినుంచి ఏటిలోకి పోతుంది. మన శారదా నది చివరికి కలిసేది బంగాళాఖాతంలోనే. ఈసారి సర్వీసింగ్‌కి వెళ్లినప్పుడు మెకానిక్‌ని ఒక్క మాట అడగండి: "అన్నా, పాత ఆయిల్ ఏం చేస్తున్నావ్?" ఆయన చెప్పిన జవాబు కామెంట్లో రాయండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో వాటి గురించే మాట్లాడుకుందాం. ఉంటా మరి!